పదిహేడో నంబరు మందారం

మందారం పువ్వుకి ఆయుష్షు ఒక్క పగలు. తెల్లవారి ఆరున్నరకి విచ్చుకుంటుంది, చీకటి పడేసరికి ముడుచుకుంటుంది, మర్నాటికి రాలి కింద పడి ఉంటుంది. కడియం నర్సరీల మధ్య పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఈ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఒక్క పగటి వల్లే మా నాన్న నన్ను పనిలో పెట్టుకున్నారు. జీతం లేని పని, పైగా పొద్దున్నే లేవాల్సిన పని.

అప్పుడు నేను రాజమండ్రిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసే మా పెదనాన్న కొడుకు ఆ పని మానేసి సెల్‌ఫోన్ల షాపు పెట్టుకుంటూ తన పాత కెమెరా నాకిచ్చేశాడు. సంచి అడుగున తలంబ్రాల బియ్యం గింజలు ఇంకా ఉన్నాయి, ఏ పెళ్ళివో. పారేయబుద్ధి కాక అలాగే ఉంచాను. కెమెరా చేతికొచ్చాక ఇంక నన్ను పట్టలేకపోయారు. కాలేజీకీ దాన్నే, వంటింట్లోకీ దాన్నే మెడలో వేసుకుని తిరిగేదాన్ని. దాని మీదున్న గుర్తుల్లో సగం ఏమిటో తెలియదు. తెలియదని ఎవరికీ చెప్పలేదు.

శని, ఆదివారాలు పొద్దున ఒక మాస్టారి దగ్గర ఫోటోగ్రఫీ నేర్చుకోవడానికి చేరాను. ఆయనకి ఒకప్పుడు రాజమండ్రిలో స్టూడియో ఉండేది. అది మూసేశాక మేడ మీద గదిలో మా ఎనిమిది మందినీ కూర్చోబెట్టి పాఠం చెప్పేవారు. మొదటి రెండు వారాలూ కెమెరా సంచిలోంచి బయటికి తీయనివ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. కెమెరా నేర్చుకోవడానికి వచ్చి గోడ మీద కిటికీ నీడ చూస్తూ కూర్చోవడమేమిటని వెళ్ళిన ప్రతిసారీ సణుక్కునేదాన్ని.

మూడో వారం ఆయన అడిగారు. "ధవళేశ్వరం బ్యారేజీ చూశారా అందరూ?"

చూశామన్నాం. ఆ ప్రశ్న ఈ జిల్లాలో ఎవరినైనా అడగాలా!

"గేటు ఎంత ఎత్తారన్నది అపెర్చర్. ఎంతసేపు ఎత్తి ఉంచారన్నది షట్టర్ స్పీడు. చేను ఎంత దాహం మీదుందన్నది ఐఎస్ఓ. ఈ మూడూ తెలిస్తే కాలవ కింద ఏ చేనుకైనా నీళ్ళు పెట్టొచ్చు."

రామచంద్రపురం నుంచి వచ్చే ఒక అబ్బాయి, వాళ్ళది వరి వ్యవసాయం, వెంటనే అందుకున్నాడు. "అయితే గేటు బాగా ఎత్తి తొందరగా దించేసినా, కొంచెం ఎత్తి చాలాసేపు ఉంచినా చేలోకి వచ్చే నీళ్ళు ఒకటేనాండి మాస్టారూ?"

మాస్టారు ఎంత సంతోషించారంటే ఆ రోజు అందరికీ టీ తెప్పించారు. పుస్తకంలో రెండు పేజీలు నమిలినా నాకు ఎక్కని ముక్క ఆ అబ్బాయికి పుట్టుకతో వచ్చేసినట్టుంది. కుళ్ళుకున్నాను. ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. అపెర్చర్ అంకె పెద్దదయ్యేకొద్దీ రంధ్రం చిన్నదవుతుందన్నది మాత్రం నాకు ఇప్పటికీ అన్యాయంగానే కనిపిస్తుంది.

నేర్చుకున్న ప్రతి మాటా ఇంట్లో వాడేదాన్ని. స్టవ్ ముందు నిలబడ్డ అమ్మని ఫోటో తీస్తూ, "అమ్మా, నీ వెనక డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ఎక్కువైపోయింది, గిన్నెలన్నీ స్పష్టంగా పడుతున్నాయి" అన్నాను.

"పడితే పడనీ. ముందా అట్లకాడ ఇలా అందుకో" అంది అమ్మ.

నాన్న మాత్రం నా మాటలు శ్రద్ధగా వినేవారు. ఒకరోజు భోజనం దగ్గర అడిగారు. "నీ కెమెరాలో పువ్వు రంగు ఉన్నదున్నట్టు పడుతుందా అమ్మా?"

"పడకేం నాన్నా. కెమెరా అబద్ధం చెప్పదు కదా" అన్నాను. మూడు వారాల చదువుకి అంత ధీమా.

నాన్న సంగతి కొంచెం చెప్పాలి. మాది పెద్ద నర్సరీ కాదు. క్రోటన్లు, గులాబీలు, మందారాలు. బతుకుతెరువుకి అందరూ అమ్మేవే అమ్ముతారు గానీ ఆయన ప్రాణమంతా వెనక వైపున్న రెండు మళ్ళలో ఉండేది. అక్కడ రెండు రకాల మందారాలని కలిపి కొత్త రంగు పుట్టించడానికి ప్రయత్నించేవారు. పొద్దున్నే ఒక పువ్వు పుప్పొడి తీసుకెళ్ళి ఇంకో పువ్వుకి రాసి, దాని మెడకి దారం కట్టి వస్తారు. కాయ కట్టి, ఎండి, గింజ మొలిచి, ఆ మొక్క మొదటి పువ్వు పూసేసరికి ఏడాదిన్నర పడుతుంది. అంతా చేసి చూస్తే పూసేది చాలాసార్లు మామూలు ఎరుపే. ఆయనకి కావలసింది వంకాయ పువ్వు రంగు. లేత ఊదా. ఆ రంగు మందారం లోకంలో ఎవరి దగ్గరా లేదని నేననను, మా నాన్న దగ్గర లేదు. ఎనిమిదేళ్ళుగా లేదు.

దేన్ని దేనితో కలిపారు, ఏ నంబరు మొక్క ఏ రంగు పూసింది అన్నదంతా ఒక పొడవాటి గట్టి అట్ట పుస్తకంలో రాసుకునేవారు. ఆ పుస్తకంలో ఇంకెవరూ కలం పెట్టకూడదు. చిన్నప్పుడు ఒకసారి అందులో పిల్లి బొమ్మ గీసి వీపు విమానం మోత మోగించుకున్నాను.

"ఇవాళ పూసింది సాయంత్రానికి పోతుంది. పదిహేను రోజుల తర్వాత ఇంకోటి పూస్తుంది. రెండిట్నీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఎలాగ? నువ్వు మొదటి పువ్వుకి ఫోటో తీసి ఉంచు. ఆదివారం సాయంత్రం కూర్చుని చూద్దాం" అన్నారు నాన్న.

ఆదివారం సాయంత్రం చూడడమంటే తీర్పు చెప్పడమే. నచ్చిన మొక్కని నేలలో పాతుతారు. నచ్చని మొక్కని పారేయరు, పైభాగం కోసేసి దాని మీద అమ్ముడుపోయే ఎర్ర మందారం కొమ్మని అంటు కడతారు. వేరు దానిదే ఉంటుంది, పూసేది మాత్రం పై కొమ్మ. "అంటుకి" అని పుస్తకంలో రాశారంటే ఆ మొక్క పువ్వుని ఇంక ఎవరూ చూడరన్నమాట. నా ఫోటో చూసి ఒక మొక్క ఉంటుందో పోతుందో తేలుతుంది. అది తలుచుకుని అప్పుడు గర్వపడ్డాను. భయపడి ఉండాల్సింది.

శ్రావణం మొదట్లో పదిహేడో నంబరు పూసింది. మొక్క పక్కన తెల్ల ప్లాస్టిక్ చీటీ మీద నల్ల సిరాతో 17 అని నాన్న రాత. పువ్వు అరచెయ్యంత ఉంది, రేకుల అంచులు కొంచెం ముడతలు పడి ఉన్నాయి. వంగి చూడగానే నా కంటికి ఊదాగా తోచింది. ఖచ్చితంగా తోచింది. ఆ క్షణం ఇప్పటికీ నాకు గుర్తే.

అప్పటికి మాస్టారు, వెలుగుని బట్టి రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ పాఠం మొదలుపెట్టారు, పూర్తి చేయలేదు. అన్నీ ఆటోలో వదిలేయకండి, ఎండలో తీస్తే ఎండ గుర్తు, ట్యూబులైటు కింద తీస్తే ట్యూబులైటు గుర్తు పెట్టుకోండి అన్నారు. ఆకాశం వంక చూశాను. చక్కగా ఎండ కాస్తోంది. చదువుకున్నదాన్నని ఠీవిగా ఎండ గుర్తు మీద పెట్టి, చీటీ కూడా పడేలా ఆరు ఫోటోలు తీశాను. స్క్రీన్ మీద చూస్తే పువ్వు బూడిద రంగులో ఉంది. పొయ్యిలో ఆరిపోయిన బూడిద రంగు.

పువ్వు వంక ఇంకోసారి చూడొచ్చు. అక్కడే, మూరెడు దూరంలో ఉంది. చూడకుండానే, నా కంటికే ఏదో అయిందనుకున్నాను. అంత ఖరీదైన యంత్రం తప్పు చెప్తుందా అనుకుని లోపలికి పోయి ఉప్మా తిన్నాను.

ఆదివారం సాయంత్రం వరండాలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. నాన్న తెరకి బాగా దగ్గరగా వంగి చూశారు. చాలాసేపు చూశారు. "నేను ఆ రోజు పొద్దున చూసినప్పుడూ ఇలాగే అనిపించింది" అని, నా వైపు తిరిగి అడిగారు. "నీకేం రంగు కనిపించింది?"

"ఫోటోలో ఉన్నదే నాన్నా" అన్నాను.

ఆయన పుస్తకం తీసి రాసుకున్నారు. "17. బూడిద. అంటుకి."

మర్నాడు ఆ మొక్క పైభాగం కోసేశారు. మిగతా అంటు మొక్కలతో కలిపి, తలకి పాలిథిన్ సంచి తొడిగి నీడలో పెట్టేశారు. చీటీ తీసేశారు. అడుగు మొక్కకి నంబరెందుకు?

ఇది జరిగిన రెండు వారాలకి మాస్టారు మనుషుల ఫోటోలు తీసుకురమ్మన్నారు. మా నర్సరీలో ఇరవై ఏళ్ళుగా పనిచేసే అక్క ఉంది, కవర్లలో మట్టి నింపుతుంది, అంట్లకి నీళ్ళు పెడుతుంది. ఆవిడ నవ్వితే పళ్ళ కంటే ముందు కళ్ళు నవ్వుతాయి. ఆ నవ్వు సరిగ్గా దొరికింది నాకు. లెన్సు పూర్తిగా తెరిచి, వెనకున్న మొక్కలన్నీ మసకబారేలా తీశాను. ఎండ గుర్తు మీదే. క్లాసులో అందరికంటే నాదే బాగుంటుందని ముందురోజు నుంచీ పొంగిపోతున్నాను.

గోడ మీద తెరపై నా ఫోటో పడింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఈవిడకి ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"బాగానే ఉన్నారండి. ఎందుకండి?"

"పచ్చగా ఉన్నారేంటి మరి?"

క్లాసంతా గొల్లుమంది. నాకేమీ పచ్చగా కనిపించలేదు. నిజం చెప్తున్నాను, ఆ క్షణం వరకూ ఆ ముఖం నాకు ఎప్పటి ముఖంలాగే ఉంది. రామచంద్రపురం అబ్బాయి తీసిన ఫోటో పక్కన వేసి చూపించాక తెలిసింది. వాళ్ళ మామ్మ ముఖం మనిషి రంగులో ఉంది. మా అక్క ముఖం పాచి పట్టినట్టుంది.

"మీ నర్సరీ మీద నెట్ కడతారా?" మాస్టారు అడిగారు.

"కడతారండి."

"ఏం రంగుది?"

ఎండ తగ్గించడానికి నర్సరీ అంతటా తలపైన కట్టే ఆ నెట్ ఆకుపచ్చది. నేను దాని కిందే పాకాను, దాని కిందే నడక నేర్చాను, పరీక్షలకి దాని కింద కుర్చీ వేసుకునే చదువుకున్నాను. అది అక్కడుందన్న సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఎండ చూశాను గానీ ఎండకీ పువ్వుకీ మధ్య ఏముందో చూడలేదు.

మాస్టారు జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీశారు. బల్బు కింద పట్టారు, కిటికీ దగ్గర పట్టారు, నీలం కర్టెన్ వెనక పట్టారు. ప్రతిసారీ "ఏం రంగు?" అని అడిగారు. ప్రతిసారీ తెలుపే అన్నాం. అదే రుమాలు మూడు చోట్లా ఫోటో తీసి చూపించారు. ఒకటి పసుపు, ఒకటి మామూలు తెలుపు, ఒకటి నీలం.

"మన కళ్ళు సర్దుకుపోతాయమ్మా. ఏ వెలుగులో ఉంటే దానికి అలవాటు పడిపోయి తెలుపుని తెలుపే అంటాయి. కెమెరాకి ఆ మొహమాటం లేదు. ఏది తెలుపో దానికి మనమే చూపించాలి" అన్నారు.

అందరూ రాసుకుంటున్నారు. నా కలం ఆగిపోయింది. పదిహేడు గుర్తొచ్చింది.

ఆ రోజు షేర్ ఆటోలో ఇంటికొస్తుంటే దారి తరగలేదు. మాస్టారు అంతకుముందే ఒక మాట చెప్పి ఉన్నారు. కెమెరా ఫోటోని రెండు రకాలుగా దాచగలదు. జేపెగ్ అంటే వండేసిన కూర, రా అంటే తరగని కూరగాయ, మళ్ళీ మన ఇష్టం వచ్చినట్టు వండుకోవచ్చు. కార్డులో చోటుంది కదా అని నేను రెండూ దాచేదాన్ని. ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా లాప్‌టాప్ తెరిచాను. పదిహేడో నంబరు రా ఫైలు. పక్కనే నాన్న గుచ్చిన తెల్ల చీటీ. ఇది తెలుపు అని చీటీ మీద నొక్కి చెప్పాను.

పువ్వు రంగు మారిపోయింది. లేత ఊదా. మా పెరట్లో వంకాయ మొక్కకి రోజూ పూసే రంగు.

ఎనిమిదేళ్ళ పని నా చేతిలో పడితే నేను దాన్ని కోయించేశాను. అంతకంటే నన్ను తొలిచింది ఇంకోటి. నా కళ్ళు నాకు నిజమే చెప్పాయి. నాన్న ఆ నిజమే అడిగారు. నేనే చెప్పలేదు.

దాచేద్దామా అని ఒక్క నిమిషం అనిపించింది. మొక్క ఎలాగూ పోయింది, చెప్తే ఏమొస్తుంది? కానీ ఆయన రేపు పొద్దున మళ్ళీ పుప్పొడి పట్టుకుని ఆ మళ్ళలోకి వెళ్తారు. ఆ వంగిన వీపు చూస్తూ నోరు మూసుకుని ఉండగలనని అనిపించలేదు. లాప్‌టాప్ పట్టుకుని వరండాలోకి వెళ్ళాను.

పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి, జరిగిందంతా చెప్పాను. నెట్ గురించి, ఎండ గుర్తు గురించి, ఆ పొద్దున నాకు ఊదాగా తోచినా చెప్పకపోవడం గురించి. నాన్న తెర దగ్గరికి జరిగి రెండు ఫోటోలనీ మార్చి మార్చి చూశారు.

కాఫీ గ్లాసులతో వచ్చిన అమ్మ ఆయన భుజం మీదుగా తొంగి చూసింది. "అబ్బ, ఎంత బాగుందో! వంకాయ పువ్వు రంగే కదండీ ఇది. ఎప్పుడు పూసింది?"

నాన్న తల ఎత్తలేదు. "ఏది?"

"ఏదేంటండి, ఆ కుడి పక్కది."

"రెండూ ఒకటే కదే" అన్నారు నాన్న.

నేను తెర వెలుగు పెంచాను. ఆయన ఇంకా దగ్గరగా వంగారు. ఎడమ పక్కది కొంచెం నల్ల బూడిద, కుడి పక్కది కొంచెం తెల్ల బూడిద, అంతే తేడా అన్నారు. అన్నాక ఆయనకీ అర్థమైనట్టుంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచండీ ఇలాగ?" అమ్మ గ్లాసులు కింద పెట్టేసి అడిగింది.

"ఏడాది పైనే అయింది. అన్నీ పసుపు నీళ్ళలోంచి చూస్తున్నట్టుంటోంది. వయసు గదా, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను." తర్వాత నా వైపు చూశారు. "నా కళ్ళ మీద నమ్మకం లేకే కదమ్మా నిన్ను ఫోటోలు తీయమన్నది."

నాకు ఏడుపొచ్చింది. నేనేదో గొప్ప ఫోటోగ్రాఫర్నని కాదు, ఆయన నా కళ్ళు అప్పడిగారు. నేను కెమెరా ఇచ్చి ఊరుకున్నాను.

రాజమండ్రిలో కంటి డాక్టరుగారు చూసి రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయన్నారు. లోపలి కటకం పసుపు తిరిగిపోతే తెలుపులూ ఊదాలూ అన్నీ మట్టి కొట్టుకుపోతాయని చెప్పారు. ముందు కుడి కన్ను చేస్తారు, అది కుదురుకున్నాక ఎడమది. కటకం అన్న మాట వినగానే నాకు డాక్టరుగారితో లెన్సుల గురించి మాట్లాడాలనిపించింది. అమ్మ చూసిన చూపుకి ఊరుకున్నాను.

ఆపరేషనై, కట్టు విప్పి ఇంటికొచ్చిన రోజు నాన్న భుజం మీది తువ్వాలు తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. "ఇది ఇంత తెల్లగా ఎప్పుడుంది? కొత్తదా?" అని అమ్మని అడిగారు. నర్సరీలోకి అడుగుపెట్టి తలెత్తి, "ఏంటీ నెట్ ఇంత పచ్చగా ఉంది!" అన్నారు. ఇంట్లో ఆ పచ్చదనం పట్టించుకున్న రెండో మనిషి ఆయన, మొదటిదాన్ని నేను.

ఇక పదిహేడు. ఆ విడతలో అంటు కట్టినవి ముప్పై ఆరు మొక్కలు. అన్నిటి తలా ఎర్ర మందారమే, ఏ చీటీ లేదు. నాలుగు అప్పటికే చచ్చిపోయాయి. ఆ నాలుగింట్లో ఉండి ఉంటే కథ అక్కడితో సరి. మిగిలిన వాటిలో ఉంటే ఒక దారి ఉంది. అంటు కట్టిన మొక్క కింద నుంచి అడుగు మొక్క తన సొంత చిగురు వేస్తుంది. నర్సరీల్లో దాన్ని ఉండనివ్వరు. పై కొమ్మ బలం తినేస్తుందని కనిపించగానే గోటితో గిల్లేస్తారు. ఆ చిగురుని పెరగనిస్తే అది పూసేది అడుగు మొక్క పువ్వే.

"ఈ ముప్పై రెండింటికీ కింద చిగురు గిల్లొద్దు" అన్నారు నాన్న.

మట్టి నింపే అక్క ముక్కున వేలేసుకుంది. "అదేంటండి? ఇరవై ఏళ్ళ నించి గిల్లమనే కదండీ చెప్పారు? అంటు పాడైపోద్ది కదండీ!"

"పాడైతే పాడవనీ."

"ఆయ్, అలాగేనండి. చెయ్యి ఆగాలి గదండీ మరి" అంది. నిజంగానే ఆగలేదు. రెండో రోజే నీళ్ళు పెడుతూ మాట్లాడుతూ ఒక చిగురు గిల్లేసి, గిల్లిన చిగురు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. ఆవిడ అంతకంటే బాధపడి, మర్నాడు పాత ఎర్ర చీర చింపి ఒక్కో మొక్క మొదట్లో ఒక్కో పీలిక కట్టింది. "ఎరుపు చూస్తే చెయ్యి వెనక్కొస్తదండి" అంది. ఆవిడ ముఖాన్ని పాచి పట్టించిన ఫోటో సంగతి అప్పుడే చెప్పేశాను. రుమాలు పట్టించి మళ్ళీ తీశాను. ఈసారి నవ్వు మొదటిసారి అంత బాగా రాలేదు, రంగు మాత్రం ఆవిడదే.

పందొమ్మిదింటికి కింద చిగుళ్ళొచ్చాయి. పొద్దున్నే లేచి నేనూ నాన్నా వాటి చుట్టూ తిరిగేవాళ్ళం. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే నాకు తేలికగా ఉండేది. రెండో కన్ను ఆపరేషన్ ఎప్పుడని అమ్మ అడిగినప్పుడల్లా చామంతుల సీజను అయ్యాకలే అని దాటేసేవారు. పుష్యమాసంలో చిగుళ్ళు మొగ్గ తొడిగాయి. మొదటిది ఎరుపు. రెండోది ఎరుపు. తర్వాత నిమ్మపండు రంగు ఒకటి, మళ్ళీ వరసగా ఎరుపులు. పదకొండు పూశాక నేను ఆశ వదిలేసుకున్నాను. క్లాసులు కూడా అయిపోయాయి, మాస్టారు అందరి చేతా బ్యారేజీ మీద ఆఖరి ఫోటో తీయించి పంపేశారు.

మాఘంలో ఒక పొద్దున నాన్న గుమ్మం దగ్గర నిలబడి పిలిచారు. గట్టిగా ఏమీ పిలవలేదు. "అమ్మా, ఒకసారి రా. కెమెరా తెచ్చుకో."

ఎర్ర పీలిక కట్టిన మొదట్లోంచి బెత్తెడు కొమ్మ, దానికి ఒకే ఒక పువ్వు. రేకుల అంచులు కొంచెం ముడతలు పడి ఉన్నాయి. నాన్న దాని ముందు గొంతుక్కూర్చుని ఒక వింత పని చేస్తున్నారు. అరచేత్తో కుడి కన్ను మూసుకుని చూస్తారు, చెయ్యి మార్చి ఎడమ కన్ను మూసుకుని చూస్తారు.

"బూడిద" అన్నారు. చెయ్యి మార్చారు. "వంకాయ పువ్వు." మళ్ళీ మార్చారు. "బూడిద." మళ్ళీ మార్చి నవ్వేశారు. ఎనిమిదేళ్ళలో ఆ మళ్ళలో ఆయన నవ్వడం నేను చూడలేదు.

నేను కెమెరా తీశాను. చెప్పకుండానే ఆయన భుజం మీది తెల్ల తువ్వాలు తీసి పువ్వు పక్కన పట్టుకున్నారు. ఆయనకి ఆ పాఠం నేనే చెప్పాను. కానీ నేను వ్యూఫైండర్‌కి కన్ను ఆనించేలోపు అడిగారు.

"ముందు చెప్పు. నీకేం రంగు కనిపిస్తోంది?"

కెమెరా దించేశాను. వంగి, పువ్వుకి దగ్గరగా వెళ్ళి, ఎంతసేపు చూడాలో అంతసేపు చూశాను.

"ఊదా నాన్నా. వంకాయ పువ్వు రంగే. ఆ రోజూ ఇదే కనిపించింది."

ఆయన తల ఊపి, చంకలోని పుస్తకం తీసి పాత పేజీ తెరిచారు. "17. బూడిద. అంటుకి" అన్న వరస మీద అడ్డంగా ఒక గీత కొట్టారు. ఆ తర్వాత పుస్తకమూ కలమూ నా చేతిలో పెట్టారు.

"నువ్వు రాయి" అన్నారు.